బీట్రూట్ ముక్కలూ, అత్తయ్యగారి ప్రశ్నా

బీట్రూట్ తరిగితే చేతులు ఎర్రబడతాయి. అదే ముక్కని బాగా కడిగి చన్నీళ్ళలో వేసి చూడండి, నీళ్ళు చాలాసేపు తేటగానే ఉంటాయి. కత్తికి తెగిన కణాల్లోని రంగు కడుగులో పోయింది. తెగని కణాలు తమ రంగుని వదలవు.

ఆ రంగు పేరు బీటాలైన్. కణం లోపల రిక్తిక అనే నీటిసంచిలో ఉంటుంది. బయటికి రావాలంటే రిక్తిక చుట్టూ ఉన్న పొరనీ, కణం చుట్టూ ఉన్న కణత్వచాన్నీ దాటాలి. రెండూ కొవ్వు అణువులు రెండు వరసల్లో నిలబడి కట్టిన గోడలే, మధ్యమధ్య ప్రోటీన్లు. బీటాలైన్ నీళ్ళలో కరుగుతుంది గానీ కొవ్వులో కరగదు కాబట్టి లోపలే ఉండిపోతుంది. ఆల్కహాల్ అలా కాదు, అటు నీళ్ళతోనూ ఇటు కొవ్వుతోనూ కలుస్తుంది. కొవ్వు అణువుల సందుల్లో దూరి వాటి పట్టు సడలిస్తుంది, ప్రోటీన్ల మడతలు విప్పేస్తుంది. ఇక గోడ కారుతుంది.

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి సైన్స్ ఫెయిర్‌కి ఇదే ఎంచుకుంది. మా క్యారీ వెంకటేశ్వరుడి గుడి నుంచి వస్తూ ఇండియన్ స్టోర్లో బీట్రూట్లు కొన్నాం. నార్త్ కరోలినాలో విస్కీ, బ్రాందీ సర్కారువారి ఏబీసీ దుకాణాల్లోనే దొరుకుతాయి. బడి పనికి అక్కడికి వెళ్ళే ప్రసక్తే లేదు కాబట్టి మందుల షాపులో దొరికే మందే తెచ్చాం: రబ్బింగ్ ఆల్కహాల్, 70 శాతానిది ఒక సీసా, 91 శాతానిది ఒకటి. తెనాలి నుంచి వచ్చి ఉన్న అత్తయ్యగారు ముక్కలు కోసిపెట్టారు. అన్నీ ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే పెద్ద ముక్కే ఎక్కువ రంగు వదులుతుంది. కొలతబద్ద ఇచ్చాం గానీ ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

అరగంటకి ఉత్త నీళ్ళు తేటగా, 10 శాతం లేత గులాబీగా, 35 ఎర్రగా, 70 చిక్కటి ఎరుపుగా కనిపించాయి. 91 మాత్రం 70 కన్నా పలచగా ఉంది. "ఇది తప్పొచ్చింది, తీసేద్దామా?" అంది పిల్ల. ఉంచమన్నాను. ఆ ముక్క కుంచించుకుపోయి గట్టిపడింది. పొర పాడైనా రంగు కరగడానికి నీళ్ళేవి అందులో?

అత్తయ్యగారు 70 గ్లాసునే చూస్తున్నారు. మా మరిది పోయి నాలుగేళ్ళయింది. లివర్ పాడై పోయాడు.

"మా వాడి లోపల ఇట్లాగే అయ్యుంటుంది. తాగితే ఇంతే అని ఆ బోర్డు మీద రాయవే బుజ్జీ, నలుగురు పిల్లలు చూస్తారు" అన్నారు.

రాయించడం తేలికే. కానీ లెక్క ఒప్పుకోదు. ఇక్కడ 100 మిల్లీలీటర్ల రక్తంలో 0.08 గ్రాముల ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. మా 10 శాతం గ్లాసులో అంతే ద్రవానికి సుమారు 8 గ్రాములుంది, అంటే వంద రెట్లు. అక్కడే బీట్రూట్ లేత గులాబీ దాటలేదు. పైగా మేం వాడింది తాగే ఆల్కహాల్ కాదు, కొవ్వుతో ఇంకా బాగా కలిసే దాని చుట్టం. కొవ్వులో ఎంత బాగా కరిగితే కణంలోకి అంత తేలిగ్గా పోతుందని 1890ల్లోనే జ్యూరిక్‌లో ఓవర్టన్ మొక్కల కణాల మీద చూపించాడు.

ఇదంతా విని ఆవిడ, "అయితే మా వాడు మందు వల్ల పోలేదంటావా?" అన్నారు.

"మందు వల్లేనండీ అత్తయ్యా, కానీ ఇలా కాదు." లివర్ ఆల్కహాల్‌ని విరిచి అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది విషం. ముందు కొవ్వు పేరుకుంటుంది, తర్వాత వాపు, ఆ తర్వాత మచ్చలుపడి గట్టిపడుతుంది. దానికి ఏళ్ళు పడుతుంది. కొవ్వు దశలో మానేస్తే లివర్ చాలావరకు కోలుకుంటుంది.

"మానేస్తే కోలుకుంటుందా?"

"మొదట్లో అయితే."

ఆవిడ వేళ్ళ మీద ఏవో సంవత్సరాలు లెక్కపెట్టుకున్నారు. మేం అడగలేదు. కాసేపటికి, "పోనీ, అది రాయి" అన్నారు మనవరాలితో.

"అది మన ప్రయోగంలో తేలలేదు కదా నాయనమ్మా" అంది పిల్ల. అని, ఇంకో కాగితం తీసి, పైన 'డాక్టర్లు చెప్పేది' అని పెట్టి, రాసి, బోర్డు కింద అంచున అంటించింది.