ఒంటరి వేటకు అల్యూమినియపు పడవ

చిలికా వంటి లోతు తక్కువైన ఉప్పునీటి సరస్సున ఒంటరిగా చేపలు పట్టువారు ఎట్టి పడవను ఎన్నుకొనవలెనో చూతము. అల్యూమినియము ఇనుములో మూడవవంతు బరువే గలది. ఇనుమువలె త్రుప్పు పట్టదు. కాని ఉప్పునీట రాగి, ఇత్తడి సామానులు తగిలియున్నచో క్రమముగా క్షయించును. కావున అట్టి మేకులు వాడరాదు.

చదునైన అడుగు గల పడవ నిలకడగా నుండును, కొద్దినీటిలోను తేలును. గాలి లేచినపుడు మాత్రము అలలపై ఎగిరిపడును. వాడియైన అడుగు గలది అలలను చీల్చును గాని, ఆగినపుడు ప్రక్కలకు ఊగును. ముందు వాడిగను వెనుక చదునుగను ఉన్న 12 అడుగుల పడవ ఒక్కరికి మేలని మా అభిప్రాయము.

కొనుటకు ముందు రెండు పరీక్షలు చేయవలెను. ఒక్కరే దానిని ఒడ్డునకు లాగగలరా? నీరు నిండినను మునుగకుండ బల్లల క్రింద గాలిపెట్టెలు గలవా? ఈ రెండును లేని పడవ ఎంత చౌకయైనను కొనరాదు. నడినీట పిలిచిన పలుకువారుండరు గదా!