తెగిన పోగుకు ముడి

పిల్లలూ! మంగళగిరి గాలిగోపురం గురించి మీరు వినే ఉంటారు. పదకొండు అంతస్తుల ఆ గోపురాన్ని 1807-09 లో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. ఆ ఊరికి గోపురం వల్ల ఎంత పేరు వచ్చిందో, మగ్గాల వల్ల కూడా అంత పేరు వచ్చింది. మంగళగిరి చీరలంటే తెలియనివారు మన దేశంలో తక్కువ.

నేసేటప్పుడు ఒక్కొక్కసారి పోగు తెగుతుంది. అప్పుడు నేతగాడు మగ్గం ఆపి, తెగినచోట చిన్న ముడి వేసి, మళ్ళీ నేత సాగిస్తాడు. తెగినచోట ముడి వేయకపోతే బట్ట పాడవుతుంది. తెగనిచోట ముడి వేసినా పాడవుతుంది. ఈ సంగతి బాగా జ్ఞాపకం పెట్టుకోండి. ఇంగ్లీషు వ్రాసేటప్పుడు మిమ్మల్ని తికమక పెట్టే ఒక గుర్తు రహస్యమంతా ఇందులోనే ఉంది.

ఆ గుర్తు పేరు అపాస్ట్రఫీ. చూడటానికి కామాలాగే ఉంటుంది. కాని కామా పంక్తి అడుగున కూచుంటుంది. ఇది అక్షరాల నెత్తిన కూచుంటుంది.

మాట్లాడేటప్పుడు అక్షరాలు జారిపోవడం మన భాషలోనూ ఉంది. మనం ‘వాడు ఎవడు?’ అనం, ‘వాడెవడు?’ అంటాం. మధ్యనున్న ‘ఉ’ పోయింది. బడిలో దీన్నే ఉత్వసంధి అని చెబుతారు. పోయిన ‘ఉ’కు తెలుగులో మనం గుర్తేమీ పెట్టం. సంస్కృతంలో అయితే పెడతారు. ‘నమః’, ‘అస్తు’ కలిస్తే ‘నమోఽస్తు’ అవుతుంది. నడుమనున్న ఆ మెలికను చూశారా? దాన్ని అవగ్రహం అంటారు. ‘ఇక్కడ ఒక అకారం ఉండేది, పోయింది’ అని అది మనకు చెబుతుంది. ఇంట్లో స్తోత్రాల పుస్తకం ఉంటే తీసి వెతకండి, కనిపిస్తుంది.

అపాస్ట్రఫీ కూడా అటువంటిదే. 1529లో పారిస్ నగరంలో జెఫ్రాయ్ టోరీ అనే ఆయన, ఫ్రెంచి భాషకు ఈ గుర్తు అవసరమని తన పుస్తకంలో వ్రాశాడు. ఆ శతాబ్దంలోనే అది ఇంగ్లీషు అచ్చు పుస్తకాలలోకీ వచ్చింది.

ఇప్పుడు దాని మొదటి పని చూద్దాం. ‘డు నాట్’ అనే రెండు మాటలు కలిసి ‘డోంట్’ అవుతాయి. ‘నాట్’లోని ఓ అనే అక్షరం పోయింది. కనుక ఎన్‌కూ టీకీ మధ్య ముడి పడుతుంది. కొందరు ఈ గుర్తును ఎన్‌కు ముందు పెడతారు. రెండు మాటలూ అతికింది అక్కడే కదా అని వారి ఊహ. కాని అక్కడ పోగు తెగలేదు! మాటలు అతికినచోట కాదు, అక్షరం పోయినచోట ముడి వేయాలి. ‘కెనాట్’ అన్నది ‘కాంట్’ అయినప్పుడు ఎన్, ఓ అనే రెండక్షరాలు పోతాయి. అయినా ముడి ఒక్కటే.

రెండవ పని, వస్తువు ఎవరిదో చెప్పడం. వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లీషువారు ‘రాజు యొక్క’ అనవలసివస్తే, రాజు అనే మాట చివర ఇ, ఎస్ అనే రెండక్షరాలు చేర్చేవారు. రానురాను ఆ ఇ జారిపోయింది. దాని చోట నిలిచిందే అపాస్ట్రఫీ. అంటే ఇదీ తెగిన పోగుకు ముడే!

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. నేతగాణ్ణి ఇంగ్లీషులో ‘వీవర్’ అంటారు. తెలుగులో నేతగాళ్ళు, నేతగాడి, నేతగాళ్ళ అని మూడు మాటలూ మూడు రకాలుగా వినిపిస్తాయి. ఇంగ్లీషులో మూడూ ‘వీవర్స్’ అనే వినిపిస్తాయి! చెవికి తేడా తెలియదు. కంటికి తెలియాలి. తెలుగు లిపిలో వ్రాసి చూపితే ఇలా ఉంటుంది:

వీవర్స్ – నేతగాళ్ళు. (ముడి లేదు)
వీవర్’స్ – ఒక నేతగాడి. (ఎస్‌కు ముందు ముడి)
వీవర్స్’ – నేతగాళ్ళందరి. (ఎస్ తరువాత ముడి)

ఇంత చిన్న గుర్తుతో పనేమిటి అంటారా? నేతగాళ్ళందరూ కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారనుకోండి. బోర్డు మీద ఎస్‌కు ముందు ముడి పెడితే, ఆ సంఘం ఒక్కడి సొత్తని అర్థం వస్తుంది! ఎస్ తరువాత పెడితేనే అది అందరిదీ అవుతుంది. కొన్ని సంస్థలు తమ పేర్లలో ఈ గుర్తును పూర్తిగా మానేస్తాయి. అది వాటి ఇష్టం. కాని పెడితే మాత్రం సరైనచోట పెట్టాలి.

రాధాకృష్ణన్‌గారి పుట్టినరోజైన సెప్టెంబరు 5ను ‘టీచర్స్’ డే’ అని వ్రాసేటప్పుడు ముడి చివర ఉంటుంది. నెహ్రూగారి పుట్టినరోజైన నవంబరు 14ను ‘చిల్డ్రన్’స్ డే’ అని వ్రాసేటప్పుడు మాత్రం ఎస్‌కు ముందు ఉంటుంది. ఎందుకు? ‘చిల్డ్రన్’ అంటేనే పిల్లలు. ఎస్ లేకుండానే అది బహువచనమైపోయింది.

ఊరికే బహువచనమైతే ముడి అక్కర లేదు. ‘శారీస్’ అంటే చీరలు. అక్కడ ఏ అక్షరమూ పోలేదు, ఎవరి సొత్తూ చెప్పలేదు. అయినా ఎన్నో బోర్డుల మీద అనవసరంగా ముడి కనిపిస్తుంది.

చివరిగా ఒక దొంగమాట. ‘ఇట్ ఈజ్’ కుదిస్తే ‘ఇట్’స్’. అక్షరం పోయింది గనుక ముడి ఉంది. ‘దాని’ అని చెప్పే ‘ఇట్స్’కు మాత్రం ముడి లేదు. ‘అతని’ అని చెప్పే ‘హిజ్’కు ఉందా? లేదు కదా! ఇదీ అంతే.

ఇక మీరు చెప్పండి, ఇంగ్లీషులో ముడి ఎక్కడ?

1. ఒక అబ్బాయి పుస్తకాలు. (బాయ్, బుక్స్)
2. బాలికలందరి బడి. (గర్ల్స్, స్కూల్)
3. కుక్క దాని తోక ఆడించింది. (ఇట్స్, టెయిల్)

జవాబులు: 1. ‘బాయ్’స్ బుక్స్’. బుక్స్‌కు ముడి లేదు. 2. ‘గర్ల్స్’ స్కూల్’. 3. ముడి ఎక్కడా లేదు.

సందేహం వస్తే మంగళగిరి నేతగాణ్ణి తలుచుకోండి. ‘ఇక్కడ పోగు తెగిందా?’ అని ముందు చూసి, తరువాతే ముడి వేయండి.