భూమిలో చేరు విషలోహములు – పైరులపై వాని ప్రభావము

పైరు పచ్చగానున్న భూమి మంచిదేయని రైతులు తలంచుట వాడుక. ఇది యెల్లప్పుడును నిజము కాదు. ఉప్పునీరు పారిన పొలము చౌడుదేరి, తెల్లని పొర గట్టి, మొలకలు చచ్చును. ఈ దోషము కంటికి కానవచ్చును గనుక రైతు వెంటనే జాగ్రత్తపడును. గనులనుండియు, కార్ఖానాలనుండియు వచ్చు మురుగునీటిలో కాడ్మియము మొదలగు లోహములు ఉండవచ్చును. ఇవి అధికమైనచో వేళ్లు కురుచబారి, ఆకులు పసుపెక్కి, పైరు గిడసబారును. కొద్దిగానున్నచో పైరున కే లోపమును కానరాదు, దిగుబడియు తగ్గకపోవచ్చును. అయినను కాడ్మియము వేళ్లద్వారా గింజలోనికి చేరును.

జపాను దేశమున తొయామా మండలమందు ఇట్లే జరిగినది. అచ్చటి రైతులు జింజు నదీజలముతో వరి పండించుచుండిరి. ఎగువనున్న కమియోకా గనినుండి కాడ్మియము ఆ నీటిలో కలిసి, యేండ్ల తరబడి మళ్లలో పేరుకొనెను. ఆ బియ్యము తినుచు, ఆ నీరే త్రాగిన వారిలో పలువురకు మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి విరుగజొచ్చెను. రోగులలో అధికులు పెక్కుమంది బిడ్డలను గన్న, నడివయసు దాటిన తల్లులు. వారు బాధ కోర్వలేక ‘ఇతాయి, ఇతాయి’, అనగా ‘నొప్పి, నొప్పి’ అని యేడ్చుటచే రోగమున కా పేరే నిలిచినది. కాడ్మియమే దీనికి కారణమని ఆ దేశ ప్రభుత్వము 1968లో అంగీకరించెను.

ఆకు, పెంట మట్టిలో క్రుళ్లి కలిసిపోవును. లోహము క్రుళ్లదు, వానకును సులభముగా కొట్టుకొనిపోదు. కావుననే ఆ మండలమున 1979 మొదలు 2012 వరకు, రమారమి 860 హెక్టారుల పొలములందు మంచి మట్టి పరచి బాగుచేయవలసివచ్చెను.

కావున పట్టాదారులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. కార్ఖానాల మురుగునీటిని, పట్టణపు చెత్తతో చేసిన ఎరువును పరీక్ష చేయింపక పొలమునకు పెట్టరాదు.

2. భారతదేశమున 2015లో ఆరంభమైన భూసార పరీక్ష పత్రములందు 12 అంశములు గలవు. వానిలో కాడ్మియము, సీసము లేవు. అనుమానము గలవారు లోహపరీక్షను ప్రత్యేకముగా కోరవలెను.

3. పులుపు నేలలో కాడ్మియము పైరునకు సులభముగా అందును. అట్టి నేలకు తగుమాత్రముగా సున్నము వేసినచో ఈ బాధ తగ్గును.

4. వరి యీనుకాలమున మడిలో నీరు నిలిపినచో గింజలోనికి చేరు కాడ్మియము తగ్గును. కాని నేలలో పాషాణమున్నయెడల, నీరు నిలుపుటచే అది గింజలోనికి అధికముగా చేరును. కావున పరీక్ష జరిగిన పిదపనే యే పద్ధతి యవలంబింపవలెనో నిశ్చయింపవలెను.

5. విషలోహములు అధికముగా నున్నవని తేలిన భూమిలో వరి, ఆకుకూరలు మాని, పూలమొక్కలు, కలపచెట్లు మొదలగువానిని పెంచుట మేలు.

పొలమున పండిన ధాన్యమును మొదట తినువారు రైతు యింటివారే. పైరు రంగును మాత్రమే చూచి తృప్తిపడక, కాలువలోనికి వచ్చు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో ముందుగా విచారించుకొనవలెను.