కాజీపేటలో ట్రాలీ, మానుకోట నుంచి పిలుపు

జనగామ బజారులో సీసీ కెమెరాలున్న ఏ దుకాణానికైనా పోయి, రికార్డర్ పెట్టె దగ్గర చెవి పెట్టి వినండి పిల్లలూ. సన్నగా గిర్రుమంటుంటుంది. అది హార్డ్ డిస్కు. లోపల మెరిసే పళ్లేలు తిరుగుతుంటాయి. కొన్నింటిలో నిమిషానికి 7,200 చుట్లు. పళ్లెం నిండా కంటికి కనబడని వలయాలు. వాటినే ట్రాకులంటారు. చదివే తల ఒక సన్నని చేతి కొసన ఉండి, లోపలి ట్రాకుకీ బయటి ట్రాకుకీ జరుగుతుంటుంది.

ఆ జరగడమే తంటా. చేయి కదిలి, కావలసిన చోటు తల కిందికి వచ్చేసరికి ఇంచుమించు 10 మిల్లీసెకన్లు. మనకది రెప్పపాటు కూడా కాదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు మాత్రం 3 కోట్ల టిక్కులు! అందుకే ఎవరి పని ముందు చేయాలన్న లెక్క కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది.

అదెలాగో చూడాలంటే మన రైలు పట్టాలనే తీసుకోండి, స్టేషన్లే ట్రాకులన్నమాట. జనగామ, ఘన్‌పూర్, కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మానుకోట అనే మహబూబాబాద్. చదివే తలలాగా ఈ పట్టాల మీద ఒక్కటే తోపుడు ట్రాలీ ఉంది, ఇప్పుడు కాజీపేటలో ఆగింది అనుకుందాం. మానుకోట నుంచి పిలుపు, తర్వాత జనగామ నుంచి, ఆ తర్వాత కేసముద్రం నుంచి. వచ్చిన వరసలో పోతే న్యాయమే గాని, తోసేవాళ్ల నడుములు విరుగుతాయి.

పోనీ, దగ్గరున్న పిలుపుకే ముందు పోదామా? తిరుగుడు తగ్గుతుంది. కానీ వరంగల్ నుంచీ ఘన్‌పూర్ నుంచీ పిలుపులు ఆగకుండా వస్తుంటే మానుకోట వంతు ఎప్పటికి రావాలి? కంప్యూటర్‌వాళ్లు దీన్ని ‘ఆకలి’ అనే అంటారు.

మూడో పద్ధతి స్కాన్. ఒక దిక్కుకు బయలుదేరి, దారిలోని పనులన్నీ చేసుకుంటూ చివరిదాకా పోయి, తిరుగుదారిలో మిగతావి చేయడం. పీటర్ డెన్నింగ్ అనే ఆయన 1967లోనే లెక్కలు కట్టి దీనివైపు మొగ్గాడు. ఆ దిక్కున అన్నిటికన్నా దూరపు పిలుపు కేసముద్రందే అయితే మానుకోటదాకా ఊరికే పోకుండా అక్కడే మళ్లడం లుక్. ఇక సీ-స్కాన్ ఉంది, నాకు బాగా నచ్చింది అదే. మానుకోట చేరాక అటువైపు పనులు అప్పుడే అయ్యాయి కదా. ఎక్కువసేపు ఎదురుచూస్తున్నది జనగామ. కాబట్టి దారిలో ఆగకుండా జనగామకు వచ్చేసి, మళ్లీ అక్కణ్నుంచి మొదలుపెడుతుంది.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డెడ్‌లైన్ పద్ధతి ఇంకో మెలిక పెట్టింది. మామూలుగా డిస్కు మీది చోట్ల వరసలోనే పోతుంది గాని, ప్రతి పనికీ గడువుంటుంది. చదివే పనికి అర సెకను, రాసే పనికి 5 సెకన్లు. గడువు దాటినదాన్ని ముందుకు లాగుతుంది. ఈ తేడా ఎందుకంటే, చదివింది చేతికి వస్తే తప్ప ప్రోగ్రాము ముందుకు కదలదు. రాయాల్సింది కాసేపు మెమరీలో ఆగగలదు.

మీ ఫోన్లో ఈ గొడవ లేదు. అందులో తిరిగే పళ్లెమే లేదు, అంతా చిప్పుల్లోనే. చేయి జరిపే ఖర్చు లేనప్పుడు దగ్గరేమిటి, దూరమేమిటి!

ఎక్కడైనా పాడైన హార్డ్ డిస్కు దొరికితే పెద్దవాళ్లతో విప్పించి ఆ చేతిని చూడండి. పనిచేసేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. తలకూ పళ్లేనికీ మధ్య కొన్ని నానోమీటర్ల సందే ఉంటుంది. ఒక్క దుమ్ము రేణువు చాలు, దాన్ని పాడుచేయడానికి.