ఫోటో బరువు – కుట్టు అందం



మన టేకులపల్లి మండలం అడవి అంచున ఉంది. 2016 వరకు అది ఖమ్మం జిల్లా. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇక్కడ కోయ గూడేలు ఉన్నాయి. లంబాడీ తండాలు ఉన్నాయి.

లంబాడీ ఆడవాళ్ల కుట్టు మీరు చూసే ఉంటారు. అద్దాలు, గవ్వలు, రంగు రంగుల దారాలు. ఎంత ఓపిక ఉంటే ఆ పని అవుతుంది!

ఆ కుట్టు అమ్ముడుపోవాలంటే కొనేవాళ్లు చూడాలి. పట్నం దుకాణం వాళ్లు తండాకు రారు. "ఫోటోల ఆల్బం పంపండి" అంటారు. ఫోటో చూసే ధర కడతారు. ఫోటోలో అద్దం మసకబారితే మన కష్టం కనబడదు. ధర పడిపోతుంది.

అయితే ఫోటో బాగుంటే చాలదు. దాని బరువు కూడా చూసుకోవాలి.

ఫోటోకు బరువేమిటి?

ఫోటో అంటే చుక్కల ముగ్గు లాంటిది. చిన్న చిన్న రంగు చుక్కలు కలిస్తే బొమ్మ అవుతుంది. అడ్డం 4,000, నిలువు 3,000 చుక్కలుంటే మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఈ బరువును కేబీ, ఎంబీలలో చెబుతారు. సుమారు 1,000 కేబీలు ఒక ఎంబీ.

అలాంటి ఫోటో ఒకటి 4 ఎంబీ ఉందనుకోండి. 20 ఫోటోలు 80 ఎంబీ. జీమెయిల్ ఉత్తరానికి 25 ఎంబీ దాకానే జతచేయనిస్తుంది. సిగ్నల్ సరిగా అందని చోట అంత బరువు కదలదు.

బరువు ఎలా తగ్గుతుంది?

1992లో జేపెగ్ అనే పద్ధతి వచ్చింది. కంటికి అంతగా ఆనని వివరాలను అది తీసేస్తుంది. చేటతో చెరిగినట్టే. మొదట పొట్టు పోతుంది. అదేపనిగా చెరిగితే గింజలూ పోతాయి. ఖాళీ గోడ ఫోటోలో పోయేదేమీ లేదు. కుట్టు ఫోటోలో అలా కాదు. సన్నని దారమే ముందు చెదిరిపోతుంది. పోయింది మళ్లీ రాదు.

ఏం చేయాలి?

1. అసలు ఫోటో దాచుకోండి. నకలు మీదనే పని చేయండి.

2. గోడ, నేల, మంచం కత్తిరించండి. బట్ట మాత్రం ఉంచండి.

3. ఫోన్‌లో చూడటానికైతే పొడుగు వైపు 1,600 చుక్కలు చాలు. అచ్చుకైతే అంగుళానికి 300 చుక్కలు కావాలి.

4. కంప్యూటర్‌లో "క్వాలిటీ" అనే అంకె ఉంటుంది. మొదట 80 పెట్టి చూడండి. ఫోటో పెద్దది చేసి అద్దం అంచు చూడండి. మసకగా ఉంటే 90 పెట్టండి.

5. ఒక్కో బట్టకు రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి మొత్తం బట్టది. రెండోది కుట్టును దగ్గరగా తీసింది. దగ్గరి ఫోటోకు బరువు కాస్త ఎక్కువ ఉండనివ్వండి. కొనేవాళ్లు చూసేది అదే.

6. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బరువు దానంతట అదే తగ్గుతుంది. "డాక్యుమెంట్"గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

నెట్ సెంటర్‌లో చేయించినా సరే, పంపే ముందు మనమే చూడాలి. "తమ్ముడూ, అద్దం కనబడటం లేదు, కొంచెం పెంచు" అని అడగాలి. కుట్టింది మనం. అది ఎలా కనబడాలో తెలిసేదీ మనకే.

లెక్క చేయండి:

10 బట్టలున్నాయి. మొత్తం ఫోటో 300 కేబీ. దగ్గరి ఫోటో 500 కేబీ. ఆల్బం ఎన్ని ఎంబీలు? జీమెయిల్‌లో వెళుతుందా?