తొమ్మిదో గడి

దసరా సంచిక ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారిచ్చిన ప్రశ్న సూటిగా ఉంది: కానుకలు, సన్మానాలు పనివాళ్లను కంపెనీలో నిలబెడతాయా? కాపీ గురువారానికల్లా కావాలన్నారు. జోగిపేట నుంచి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు, పాశమైలారం షిఫ్టులకు పోయేవాళ్ల ఇళ్లలో కంపెనీ పేరు అచ్చేసిన గోడ గడియారమో, స్టీలు డబ్బానో, దుప్పటో కనిపిస్తూనే ఉంటుంది. వాటి గురించే రాద్దామనుకున్నాను. తీరా చూస్తే అసలు కథ ఒక రిజిస్టరులో ఉంది.

దాని పేరు ‘సి’ ఫారం. 1965 బోనస్ చట్టానికి 1975లో వచ్చిన నిబంధనల్లోది. అడ్డంగా సాగే ఆ పేజీలో ముందు వరుస సంఖ్య, తర్వాత కార్మికుడి పేరు, తండ్రి పేరు. ఏడాది మొదలయ్యేనాటికి పదిహేనేళ్లు నిండాయా అన్నది నాలుగో గడి. ఆపైన హోదా, పనిచేసిన రోజులు, ఏడాది జీతం, రావలసిన బోనస్. తొమ్మిదో గడి దగ్గర ఆగాలి: పూజా బోనస్, లేదా ఆనవాయితీగా ఇచ్చే మరో బోనస్. పండుగకు చేతిలో పెట్టిన ఆ సొమ్మును ఇక్కడ రాసి, ఎనిమిదో గడిలోని మొత్తంలోంచి తీసేయగలిగేవారు. చట్టంలోని 17వ సెక్షన్ ఆ వీలిచ్చింది. పదో గడి ముందే ఇచ్చిన అడ్వాన్సుకు. పదకొండోది కార్మికుడి దుష్ప్రవర్తనతో జరిగిన నష్టానికి. కోతలన్నీ కూడి, మిగిలింది రాసి, చివర సంతకమో వేలిముద్రో.

నలుగురి ముందు నవ్వుతూ కవరు ఇచ్చి, ఆఫీసులో కూర్చుని అదే మొత్తం కోసేస్తే దాన్ని కానుకని ఎలా అంటాం? అడ్వాన్సని చెప్పి ఇవ్వడమే మర్యాద. 2025 నవంబరు 21న వేతనాల స్మృతి అమల్లోకి వచ్చి పాత చట్టం పోయింది. ఆనవాయితీ సొమ్ము కోసుకునే వీలు మాత్రం పోలేదు. కనీస బోనస్ 8.33 శాతం. అంటే పన్నెండో వంతు, ఏడాదికి ఒక నెల జీతం. లెక్కకు తీసుకునే జీతానికి పరిమితి ఉంది. కొత్తగా పెట్టిన కంపెనీలు తప్ప మిగతావి నష్టమొచ్చిన ఏడాదీ ఇవ్వాలి.

ముప్పై రోజులు పనిచేస్తే కాంట్రాక్టు హెల్పర్‌కీ ఈ హక్కుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే కంపెనీదే బాధ్యత. అయినా చాలాచోట్ల ఆయుధ పూజనాడు పసుపు కుంకుమ పెట్టిన మిషను నడిపేది అతనైతే, మిఠాయి డబ్బా పర్మినెంటు వాళ్లకే. ఐదొందలు ఎక్కువిస్తే పక్క గేటుకు పోతారని మేనేజ్‌మెంట్లు వాపోతుంటాయి. పోరా మరి? ఇక్కడ పేరే లేనప్పుడు ఆ ఐదొందలే మిగిలిన తేడా.

మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే పుస్తకం ఉంటుంది. ఎవరు ఏం పెట్టారో పేరుతో రాసుకుని, వాళ్లింట శుభకార్యానికి తిరిగి పెడతాం. కంపెనీ కానుకకూ ఆ లెక్క ఉండాలన్నదే నా పట్టుదల: ఎవరికి, ఏ పనికి, ఎన్నేళ్ల చాకిరీకి. బీహారు నుంచి వచ్చినవాళ్లకైతే దసరా డబ్బా కన్నా ఛఠ్ పండుగకు పది రోజుల సెలవు, తిరిగొస్తే పని ఉంటుందన్న మాట పెద్ద కానుక. వీటన్నిటికన్నా ముందు ప్రాణానికి భరోసా. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలిగొంది. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అలాంటి భయమున్న షెడ్డులో ఏ గోడ గడియారమూ మనిషిని నిలపదు.

చరిత్ర నాలుగు ముక్కల్లో. నిజాం కాలంలో కానుక కింది నుంచి పైకి, నజరానాగా పోయేది. ఆ తర్వాతి తరాలకు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. క్వార్టరు, బడి, ఆసుపత్రి ఉన్న చోట రిటైరయ్యేదాకా ఉండిపోయారు.

థర్మాస్ కథ

జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పనికి మనుషులను పెట్టుకుని ప్రయోగం చేశారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. కొందరికి అదనంగా ఏడు యూరోలు ఇచ్చారు, పనిలో పెద్ద మార్పు లేదు. అదే విలువైన థర్మాస్‌ను చుట్టి ఇచ్చినవాళ్లు దాదాపు పాతిక శాతం ఎక్కువ చేశారు. నోటునే బొమ్మలా మడిచి ఇచ్చినా పని పెరిగింది. ఇచ్చేవాళ్లు చూపిన శ్రద్ధ కనిపించిందన్నమాట. అయితే అది కొన్ని గంటల కొలువు. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఈ లెక్క యథాతథంగా వర్తిస్తుందని నేను నమ్మను.

సింగరేణి వాటా

2024 దసరాకు సింగరేణి లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్ల రూపాయలు, కార్మికులకు పంచారు. సగటున మనిషికి 1.90 లక్షలు. కాంట్రాక్టు కార్మికులకు 5,000 చొప్పున ఇచ్చారు. లాభాల పంపకంలో వాళ్లకు పైసా అందడం అదే మొదలు. మరుసటి ఏడాది అది 5,500 అయింది.