క్షణములో మాయమయ్యే వాయువును కొలుచుట

రక్తపుపోటును కొలవడము తేలిక. ఎలుకకైనా తోకకు చిన్న పట్టీ చుట్టి కొలుస్తారు. కాని ఆ పోటును అదుపులో ఉంచే నైట్రిక్ ఆక్సైడును బ్రతికి ఉన్న జంతువులో కొలవడము అంత తేలిక కాదు.

ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిసి ఏర్పడిన వాయువు ఇది. మెరుపు మెరిసినపుడు గాలిలో పుడుతుంది. మన రక్తనాళముల లోపలి పొర కూడా ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లము నుండి దీనిని తయారుచేస్తుంది. ఇది నాళపు కండరమును సడలించగా నాళము వెడల్పయి పోటు తగ్గుతుంది. ఆ లోపలి పొరనుండి ఏదో ఒక పదార్థము వెలువడుతున్నదని 1980లో ఫర్చ్‌గాట్ చూపినాడు. అది నైట్రిక్ ఆక్సైడే అని 1987లో తేలినది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము లభించినది.

ఇట్టి పరిశోధనలకు మొదట కావలసినది ఒకే వంశమునకు చెందిన జంతువులు. వంశము, మేత ఒకటే అయినప్పుడుగదా, కనబడిన తేడాకు కారణము చెప్పగలిగేది! మౌలాలి గుట్టకు కొంత దూరములో, ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. ఇక్కడ తరతరాలుగా పెంచిన ఎలుకలలో స్థూలకాయము గల శాఖ ఒకటి 1996లో బయటపడినది. అధిక రక్తపుపోటు వారసత్వముగా పొందే ఎలుకలను 1963లో జపాను దేశమందలి క్యోటోలో ఒకమోటో, అవోకి వెలువరించినారు. మామూలు ఎలుకలకు నైట్రిక్ ఆక్సైడు తయారీని ఆపే మందు ఇచ్చినా పోటు పెరుగుతుంది.

ఇక కొలత సంగతి. ఈ వాయువు కణజాలములో కొద్ది సెకండ్లే నిలుస్తుంది; రక్తములో హేమోగ్లోబిను దానిని ఇంకా వేగముగా పట్టివేస్తుంది. కనుక చాలమంది దాని అడుగుజాడలను కొలుస్తారు. అది మారి నైట్రైటు, నైట్రేటు అవుతుంది. నైట్రేటును నైట్రైటుగా మార్చి, 1879లో గ్రీస్ వివరించిన పరీక్ష చేస్తే గులాబిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమో నైట్రైటు అంత ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాలకూర, తోటకూర, బీటుదుంపలలో నైట్రేటు మెండు. మేతలోని నైట్రేటు కూడ రక్తములోను, మూత్రములోను చేరి అదే రంగును చూపుతుంది. కాబట్టి పరీక్షకు ముందు జంతువులకు నైట్రేటు తక్కువగల మేతనే పెట్టవలెను. అయినను ఈ లెక్క గడచిన గంటలదే. నాళములో ఆ క్షణమున ఉన్నదెంతో చెప్పదు.

ఆ క్షణపు కొలతకు 1992లో మలిన్‌స్కీ, టాహా సన్నని కార్బను పోగుతో విద్యుద్ధ్రువము తయారుచేసినారు. దాని కొన వెంట్రుక కన్న సన్నము. కొనపై పూసిన పార్ఫిరిన్ పొర వద్ద నైట్రిక్ ఆక్సైడు ఆక్సీకరణము చెందగా స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. పైనున్న మరొక పొర నైట్రైటును దరిచేరనీయదు. విద్యుత్తును చూచి వాయువు పరిమాణము లెక్కకడతారు.

అధిక పోటుగల జంతువులో ఈ వాయువు తక్కువగా కనబడినంత మాత్రమున, తయారీయే తగ్గినదని తేల్చరాదు. సూపరాక్సైడు అనే మరొక పదార్థము దానితో కలిసి పుట్టినదానిని పుట్టినట్లే హరించి ఉండవచ్చును. అడుగుజాడలు ఎప్పటివలె ఉండి, వాయువు మాత్రము తగ్గితే, లోపము తయారీలో కాక దాని నాశములో ఉన్నదని అనుమానించవలెను. మొదటి లోపమునకు చికిత్స వేరు, రెండవదానికి వేరు. అందుచేతనే రెండు కొలతలు కావలెను.